కొత్త యాంప్లిఫయరు, పాత చెవులు

(సంఘం నెలవారీ సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు కొన్న ఆ గాజు గొట్టాల యాంప్లిఫయరు గురించి ఓ అరగంట మాట్లాడు" అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. కారణం ఉంది. మనలో చాలామంది ఉద్యోగాలు ముగించుకున్నాం. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. ఇంట్లో ఒక స్టీరియో, అటక మీద రికార్డులు, క్యాసెట్లు ఉన్నాయి. ఇప్పుడు తీరిక కూడా ఉంది. అందుకే నేను హైబ్రిడ్ యాంప్లిఫయరు కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి "ఎలా ఉందోయ్? మేమూ కొనొచ్చా?" అని అడగనివాళ్ళు లేరు.

మూడు విషయాలు చెబుతాను. ఈ పెట్టె ఏమిటి, దాన్ని ఎలా పరీక్షించాను, ఆ పరీక్షలో ఎవరూ ఊహించని సంగతి ఏం బయటపడింది. మూడోది మన వయసు వాళ్ళందరికీ కావలసింది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఇది ప్రకటన కాదు.

ముందు వాల్వు సంగతి. అమెరికా వాళ్ళు ట్యూబు అంటారు, మనం వాల్వు అనే అలవాటు పడ్డాం. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ తయారుచేసిన గాజు బుడ్డిలో కరెంటు ఒకవైపే ప్రవహించేది. అందుకే దానికి వాల్వు అని పేరు. 1906లో అమెరికాలో లీ డీ ఫారెస్ట్ దాని మధ్యలో ఒక తీగ జల్లెడ పెట్టాడు. అదే గ్రిడ్. కుళాయి తల ఉందనుకోండి. దాన్ని ఒక్క వేలితో కాస్త తిప్పితే గొట్టంలో నీటి ధార మొత్తం మారిపోతుంది కదా. గ్రిడ్ చేసే పని అదే. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం గ్రిడ్ మీద ఆడితే, లోపల పెద్ద ప్రవాహం దానికి తగ్గట్టు ఆడుతుంది. చిన్నదాన్ని పెద్దది చేయడమంటే ఇదే.

మన తరానికి దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. వాల్వు రేడియో స్విచ్ వేశాక అది మాట్లాడటానికి అరనిమిషం పట్టేది. ముందు ఆకుపచ్చ కన్ను వెలిగేది, తర్వాత గొంతు వినబడేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. మన విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న వచ్చింది. అప్పటికి ఇళ్ళలో ఉన్న పెద్ద రేడియోల్లో ఎక్కువ భాగం వాల్వులవే. శ్రీరామనవమి పందిరిలో, పెళ్ళిలో మైకు సెట్టు వాడు తెచ్చే యాంప్లిఫయరు కూడా వాల్వులదే. వెనక చెయ్యి పెడితే చుర్రుమనేది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఆ పేరున్న వాల్వు అట్టపెట్టెలు మన ఊరి రేడియో రిపేరు షాపుల్లో వరసగా పేర్చి ఉండేవి.

ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. మన దగ్గరికొచ్చేసరికి ఆ పేరు చేతిలో పట్టే రేడియోకే స్థిరపడిపోయింది. "మా ఇంట్లో ట్రాన్సిస్టరు ఉంది" అంటే రేడియో ఉందనే అర్థం. వేడెక్కే పని లేదు, వందల వోల్టులక్కర్లేదు, నాలుగు బ్యాటరీలు చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైనప్పుడు బ్యాటరీలున్న చిన్న ట్రాన్సిస్టరు విలువేమిటో మనందరికీ తెలిసొచ్చింది. కాబట్టి వాల్వును పొగడటం కోసం ట్రాన్సిస్టరును తిట్టనక్కర్లేదు.

ఇక హైబ్రిడ్. పేరులోనే ఉంది, సంకరజాతి. ముందు భాగంలో వాల్వు, వెనక భాగంలో ట్రాన్సిస్టర్లు. నా దాంట్లో రెండు వాల్వులున్నాయి. వాటి మీద 12ఏయూ7 అని రాసి ఉంది. యూరప్ వాళ్ళ లెక్కలో దీన్నే ఈసీసీ 82 అంటారు. ఆ అక్షరాలకు అర్థముంది. మొదటి 'ఈ' అంటే 6.3 వోల్టుల హీటరు. రెండు 'సీ'లంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్‌లు. 8తో మొదలయ్యే అంకె తొమ్మిది పిన్నుల చిన్న సాకెట్టుకు గుర్తు. ఈ రకం వాల్వులు ఇప్పటికీ రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో తయారవుతున్నాయి. పాతవే వెతుక్కోవలసిన పనిలేదు.

పూర్తి వాల్వు యాంప్లిఫయరులో స్పీకరుకు ముందు ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ధర, బరువు, వేడి మూడూ పెరిగేది పవర్ వాల్వులతో పాటు దానివల్లే. హైబ్రిడ్‌లో ఆ పని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు పోయింది, బరువు తగ్గింది, ధర దిగొచ్చింది. అయితే దాంతోపాటు వాల్వు ధ్వని అని మనం అనుకునే దాంట్లో పెద్ద భాగం కూడా పోయింది. వాల్వు సెట్టును గట్టిగా పెడితే శబ్దం ఒక్కసారి చిట్లదు, మెల్లగా మెత్తబడుతుంది. హైబ్రిడ్‌లో హద్దు దాటినప్పుడు ముందు చేతులెత్తేసేది వెనకున్న ట్రాన్సిస్టర్లే. అందుకని ఆ మెత్తదనం ఇందులో ఆశించకూడదు.

మరి మిగిలేదేమిటి? సంగీతం తెలిసినవాళ్ళకు ఇలా చెబితే సులువు. తంబురా మీద 240 హెర్ట్జ్ షడ్జం మీటారనుకోండి. దాని రెట్టింపు 480, అది పై స్థాయి షడ్జం. మూడు రెట్లు 720, ఆ పై స్థాయిలో పంచమం. అయిదు రెట్లు 1200, ఇంకా పైన అంతర గాంధారం. ఏడు రెట్లు 1680 దగ్గరికొచ్చేసరికి అది మన ఏ స్వరస్థానంలోనూ సరిగ్గా కూర్చోదు. ఏ యాంప్లిఫయరైనా అసలు ధ్వనికి తనదంటూ ఏదో కొంత కలుపుతుంది. ట్రయోడ్ వాల్వు ప్రధానంగా కలిపేది రెండో రెట్టు, అంటే పై షడ్జం. అది శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి తప్పులా వినిపించదు, నిండుగా అనిపిస్తుంది. వాల్వు తీపి అనే మాట వెనకున్న భౌతికశాస్త్రం ఇంతే. అయితే ఆ కలిపే మోతాదు వినబడేంత ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న.

ఇంకో సంగతి. 1925లో మైకు పెట్టి విద్యుత్ పద్ధతిలో రికార్డు చేయడం మొదలయ్యాక, ట్రాన్సిస్టర్లు స్టూడియోల్లోకి వచ్చేదాకా, ప్రతి పాటా వాల్వుల గుండానే రికార్డులోకి ఎక్కింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ గ్రామఫోన్ రికార్డులైనా, ఘంటసాల గారు, సుశీల గారు 1950లలో పాడిన సినిమా పాటలైనా అంతే. అంటే మనం ఇష్టపడే ఆ పాత నిండుదనం రికార్డులోనే ఉంది. ఏ యాంప్లిఫయరులో పెట్టినా అది వస్తుంది. దాని మీద ఇంకో వాల్వు అవసరమా? దీనికి జవాబు వాదనతో తేలదు, విని తేల్చుకోవాలి.

పెట్టె ఇంటికొచ్చిన రోజు పాత యాంప్లిఫయరు తీసి ఇది బిగించాను. పాతది ఇరవయ్యేళ్ళ నాటి మామూలు ట్రాన్సిస్టరు సెట్టు. పాట మొదలవగానే వంటింట్లోంచి మా ఆవిడ "సౌండు పెంచారా?" అంది. నాకూ గొంతు ముందుకొచ్చినట్టు, తబలా దగ్గరైనట్టు అనిపించింది. కానీ మనకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు ఇంకా మన ముందు వరుసలోనే కూర్చున్నారు. కొలవకుండా తీర్పు చెబితే ఊరుకోరు. అందుకని మల్టీమీటరు తీశాను.

సీడీలోంచి 400 హెర్ట్జ్ ఒకే స్వరం పెట్టి స్పీకరు తీగల దగ్గర వోల్టేజీ చూశాను. పాత సెట్టులో 2.83 వోల్టులు వచ్చేలా నాబు పెట్టాను. 8 ఓముల స్పీకరుకు అది సరిగ్గా ఒక వాట్. కొత్త సెట్టులో నాబు అదే గుర్తు మీద పెడితే మూడున్నర వోల్టులు దాటింది. దాదాపు 2 డెసిబెల్స్ ఎక్కువ. మన చెవి గుణం ఏమిటంటే, ఇంత చిన్న తేడాను పెద్ద శబ్దమని అనుకోదు, మంచి శబ్దమని అనుకుంటుంది. షోరూములో రెండు సెట్లు పోల్చి చూపించేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మా ఆవిడ చెవి మాత్రం నిజమే చెప్పింది.

తర్వాత రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చాను. వోల్టేజీలో ఒక శాతం తేడాలోపు ఉండాలి. అప్పుడు బ్యాచ్ మిత్రుల్ని పిలిచాను. మొత్తం నలుగురం. ఇద్దరు వెనక బెంచీ వాళ్ళు, చిన్నప్పుడు వీణ నేర్చుకున్న మన మొదటి బెంచీ సోదరి, నేను. యాంప్లిఫయర్లు రెండూ దుప్పటి చాటున పెట్టాం. స్పీకర్లు ఒకే జత. ఏ సెట్టు పాడాలో మార్చేందుకు ఒక స్విచ్ పెట్టె. ఇది చేయాలనుకునేవాళ్ళకో హెచ్చరిక. రెండు యాంప్లిఫయర్ల స్పీకరు తీగల్ని ఎప్పుడూ ఒకచోట కలపకండి, ఒకదాన్నొకటి కాల్చేసుకుంటాయి. ఒకదాన్ని పూర్తిగా విడదీశాకే రెండోదాన్ని కలిపే స్విచ్ వాడాలి.

దుప్పటి వెనక మా మనవడు కూర్చుని రూపాయి బిళ్ళ ఎగరేసేవాడు. బొమ్మ పడితే కొత్తది, బొరుసు పడితే పాతది. మాకు చెప్పకుండా కాగితం మీద రాసుకునేవాడు. ఒక్కొక్కరికి పది సార్లు. మేం విని "పాత" అనో "కొత్త" అనో రాయాలి. ఊరికే ఊహించి రాసినా పదికి అయిదు కలుస్తాయి. ఊహతోనే తొమ్మిదో పదో కలవడం మాత్రం నూటికి ఒక్కసారి జరిగే విషయం.

ఫలితాలు వినండి. నాకు ఆరు. ఒక మిత్రుడికి అయిదు. రెండో మిత్రుడికి నాలుగు. అంటే మా ముగ్గురిదీ బొమ్మా బొరుసే. మన వీణ సోదరికి మాత్రం తొమ్మిది!

అందరం ఆవిడ చుట్టూ చేరాం. "గమకాల్లో తెలిసిందా అమ్మా? తీగ నాదంలో తెలిసిందా?" అని అడిగాం. ఆవిడ నవ్వి, "పాటలో నాకూ ఏమీ తెలియలేదు అన్నయ్యా. పాట అయిపోయాక మళ్ళీ మొదలయ్యేలోపు చూశాను. కొత్తదాంట్లో సన్నగా 'స్స్' అని వస్తోంది. పాతదాంట్లో లేదు" అంది.

అది నిజం. వాల్వుకు సహజంగా కొంత హిస్ ఉంటుంది. ఆవిడ పట్టుకున్నది వాల్వు తీపిని కాదు, వాల్వు లోపాన్ని. మేం పాటలో తేడా వెతుకుతున్నాం, ఆవిడ పాట లేనిచోట విన్నది. ఒకే మట్టంలో, మా గదిలో, మా స్పీకర్లతో, పాట నడుస్తుండగా తేడా చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మొదటి రెండు విషయాలూ ఇక్కడితో సరి.

ఇప్పుడు మూడోది. ఆ 'స్స్' ఏమిటో విందామని పాట ఆపేసి అందరం స్పీకరు దగ్గరికి వెళ్ళాం. నాకు వినబడింది. అయిదు మార్కుల వాడికీ వినబడింది. నాలుగు మార్కుల వాడు స్పీకరు గుడ్డకు చెవి ఆనించి, "ఏమీ లేదర్రా, మీరంతా కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారు" అన్నాడు. సౌండు పెంచాం. అయినా లేదన్నాడు. మనవడు మళ్ళీ ఒక్కొక్క స్వరమే వినిపించాడు. 500, 1000, 2000 హెర్ట్జ్ అందరం చెయ్యెత్తాం. 3000 దగ్గర వాడి చెయ్యి ఆలస్యంగా లేచింది. 4000 దగ్గర లేవలేదు. పియానో చిట్టచివరి మెట్టు మోగేది ఆ 4000 దాటాకే, అదేమీ చెవికందనంత సన్నటి ధ్వని కాదు.

వాడి అనుమతితోనే చెబుతున్నాను. వాడూ ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పను. ముప్పై ఏళ్ళకు పైగా ఒక కర్మాగారంలో కంప్రెసర్ల పక్కన పనిచేశాడు. ఏ కర్మాగారమన్నది అప్రస్తుతం. తర్వాతి వారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆడియోగ్రామ్‌లో గీత 4000 దగ్గర గుంటలా దిగిపోయి ఉంది. శబ్దం వల్ల చెవి దెబ్బతింటే సాధారణంగా ముందు కనబడే గుర్తు అదేనట. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలుంటాయి. అవి పోతే మనిషికి మళ్ళీ మొలవవు.

ఇందులో బాధ కలిగించే విషయం ఒకటుంది. ఇలాంటి చెవుడు చెవుడులా కనబడదు. తలుపు చప్పుడు వినబడుతుంది, లారీ హారన్ వినబడుతుంది, మగవాళ్ళ బొంగురు గొంతులూ వినబడతాయి. పోయేది సన్నటి పై భాగం. స, శ, ష లాంటి ఊష్మాలు, చ, త లాంటి హల్లులు స్పష్టంగా తెలిసేది ఆ భాగంలోనే. కాబట్టి మాట వినబడుతుంది, కానీ ఏమన్నారో తెలియదు. ఆడవాళ్ళ గొంతులు, పసిపిల్లల గొంతులు ముందు జారిపోతాయి. "ఆయన నా మాట వినరండీ" అని చెల్లెమ్మ పదేళ్ళుగా అంటోంది. మన అందరి ఇళ్ళలో ఉన్న మాటే కదా. ఆడియోగ్రామ్ వచ్చాక ఆ మాటకు ఉన్న రెండో అర్థం అందరికీ తెలిసింది. మనుషుల్లో కలవడం తగ్గించేశాడని, ఫోనెత్తడం లేదని, మన సమావేశాలకు రావడం మానేశాడని మనమూ అనుకున్నాం. మాటలు అందక పక్కకు తప్పుకుంటున్నాడని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటున్నాడు. మొదట్లో గిన్నెల చప్పుడు భరించలేకపోయాడు. ఒక నెలకు అలవాటైంది. మనవరాలు వీడియో కాల్‌లో చెప్పే కబుర్లకు జవాబిస్తున్నాడు. ఇదిగో, ఇవాళ్టి సమావేశానికి వచ్చాడు.

మన ఊరి సంగతి మనకు తెలుసు. ఓడరేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం. మన బ్యాచ్‌ల్లో సగం మంది ఏదో ఒక యంత్రం పక్కనే జీవితం గడిపాం. మన దేశంలో ఫ్యాక్టరీలకున్న హద్దు రోజుకు 8 గంటలు, 90 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీతం వినేవాళ్ళకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. అంతకన్నా ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే వినదగ్గ సమయం సగానికి తగ్గిపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరిగే మన మనవలకూ ఈ లెక్క చెప్పండి.

చివరగా, కొనొచ్చా అని అడిగినవాళ్ళకు నా జవాబు. వాల్వు వెలుగు చూస్తూ పాట వినడంలో ఒక సంతోషం ఉంది, దానికి వెల కట్టుకోగలిగితే కొనండి. ధ్వని మారిపోతుందని మాత్రం కొనకండి. కొనేముందు ఆ గొట్టం నిజంగా పనిచేస్తోందో లేదో కనుక్కోండి. కొన్ని చవక సెట్లలో కాషాయ రంగు వెలుగు వాల్వుది కాదు, దాని కింద పెట్టిన ఎల్ఈడీ దీపానిది. సముద్రం దగ్గరున్నవాళ్ళకు ఉప్పుగాలి వల్ల వాల్వు పిన్నులకు చిలుం పట్టి గరగర మొదలవుతుంది. సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక వాల్వును నెమ్మదిగా ఊపుతూ పైకి లాగి పిన్నులు శుభ్రం చేసుకోవచ్చు. పెట్టె మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. స్పీకరు బాక్సుల్ని గోడకు మూరెడు దూరం జరపండి, టైల్సు నేల మీద ఓ తివాచీ పరవండి. మా ఇంట్లో ఆ తేడా మాత్రం నలుగురం కళ్ళు మూసుకుని చెప్పగలిగాం.

దానికన్నా ముందు చేయాల్సింది చెవుల పరీక్ష. పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. ఆడియోగ్రామ్‌కు అరగంట కన్నా పట్టదు, నొప్పి ఉండదు. అరవై దాటిన ప్రతి ఒక్కరూ ఒక్కసారి చేయించుకోండి. రికార్డు మీద సూది నుంచి స్పీకరు దాకా ఎన్ని మార్చినా, చివరి మెట్టు మన చెవే.

స్వర్ణోత్సవం సందర్భంగా సంఘానికి నాదొక ప్రతిపాదన. రక్తపోటు, చక్కెర పరీక్షల శిబిరం మనం ఏటా పెడుతూనే ఉన్నాం. ఈసారి అందులో ఒక వినికిడి పరీక్ష బల్ల కూడా వేద్దాం. మొదటి కుర్చీలో నేను కూర్చుంటాను. పక్కన నిలబడి ధైర్యం చెప్పడానికి నాలుగు మార్కుల మిత్రుడు ఒప్పుకున్నాడు.